అరుగు బడికి ఇనస్పెక్టరు వచ్చిన కాలం

పాత మద్రాసు ప్రెసిడెన్సీలో సర్కారువారు బడులను ఎట్లా తనిఖీ చేసేవారన్నది నాకు చాలాకాలంగా ఇష్టమైన చదువు. అనంతపురం జిల్లా పల్లెల్లో పంతులుగిరీ చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి తనిఖీకి ఇవతలి వైపున నిలబడిన అనుభవమే నాది. అవతలి వైపున కూర్చున్నవారు రాసిపెట్టిన కాగితాలను తీరిక చిక్కిన తరువాతే చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ బలపడిన అభిప్రాయం ఒకటుంది. చూడవచ్చినవాడు ఏది అడిగితే బడి దాన్నే చూపిస్తుంది. అడగనిది ఎంత విలువైనదైనా ఆ కాగితాల్లోకి ఎక్కదు, కొన్నాళ్లకు బడిలోనుంచి కూడా జారిపోతుంది.

మొదట అడిగినవాడు సర్ థామస్ మన్రో. దత్తమండలాలకు, అంటే నేటి రాయలసీమ, బళ్లారి ప్రాంతాలకు, 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉండి, ఊరూరా గుడారం వేసుకుని భూమి కొలిపించినవాడు. గవర్నరై తిరిగివచ్చిన తరువాత 1822 జూన్ 25న రాసిన మినిట్‌లో, అంటే సర్కారు దస్త్రానికెక్కే అభిప్రాయ పత్రంలో, మన ప్రాంతాల నేలను కొలిచాము, పంటలు లెక్కవేశాము, జనాభా తెలుసుకోవడానికి ప్రయత్నించాము గాని, చదువు స్థితిని తెలుసుకోవడానికి దాదాపు ఏమీ చేయలేదని ఒప్పుకున్నాడు. బడులు ఎన్ని, పిల్లలు ఎందరు, వారిలో ఏ కులంవారు ఎందరు, ఆడపిల్లలు ఎందరు అన్న గడులతో ఒక పట్టిక కలెక్టర్లకు వెళ్లింది. జవాబులు రావడానికి సంవత్సరాలు పట్టింది. కలెక్టరు తాసిల్దారును అడిగితే, తాసిల్దారు కరణాన్ని అడిగి ఉంటాడు. ఆ పట్టికల్లోని అంకెలకు మొదటి చేతివ్రాత కరణాలదేనని నా నమ్మకం.

ఆ జవాబుల్లో అన్నిటికన్నా చదవదగినది బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న పంపినది. నేటి అనంతపురం జిల్లా అప్పటికి బళ్లారిలోనే ఉంది గనుక ఇది మా తాతముత్తాతల బడుల కథ కూడా. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం రాసినంతటి భాషాభిమాని, కాబట్టి గడులు నింపి ఊరుకోలేదు. జిల్లా జనాభా 9,27,857, బడులు 533, పిల్లలు 6,641 మంది, అంటే వెయ్యి మందిలో సుమారు ఏడుగురే బడికి పోతున్నారని లెక్క చెప్పాడు. బడుల్లో 235 కన్నడానివి, 226 తెలుగువి, 23 మరాఠీవి, 21 పారశీకానివి, 4 తమిళానివి, 23 సంస్కృతానివి. ఇంగ్లీషుది ఒకే ఒకటి. మొత్తం పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది.

ఆ తరువాత ఆయన బడి లోపలికి తీసుకువెళతాడు. తెల్లవారేసరికి పిల్లలు చేరాలి. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో పంతులు సరస్వతి పేరు రాస్తాడు. రెండోవాడి చేతిలో సున్న చుడతాడు, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి బెత్తంతో మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తరువాత వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. చదవని మొండివాడికి గుంజీళ్లు, అంతకు మించితే రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం. మనవాళ్లు కోదండం అన్న శిక్ష ఇదే. చిన్నపిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతారు. కాస్త పెద్దవారు తాటాకు మీద గంటంతోనో, గంజీ బొగ్గుపొడీ పూసి నల్లబరిచిన కడితం మీద బలపంతోనో రాస్తారు. పెద్ద తరగతుల పిల్లలు చిన్నవారికి చెబుతారు, పంతులు పెద్దవారికి చెబుతాడు. ఈ పద్ధతిని క్యాంబెల్ మనసారా మెచ్చుకుని, దీన్ని ఇంగ్లండు అనుకరించడం సబబేనన్నాడు. మద్రాసు అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ ఈ తరహాలోనే బడి నడిపి, దానిని ఇంగ్లండుకు మద్రాసు పద్ధతి పేరుతో తీసుకువెళ్లిన సంగతి అప్పటికే అందరికీ తెలుసు.

అయితే ఆయన మెచ్చుకోలుకు హద్దుంది. పిల్లలు వల్లించే పద్యాలు కావ్యభాషలో ఉన్నవని, వాటి అర్థం పిల్లలకే కాదు, చాలామంది పంతుళ్లకు కూడా తెలియదని ఆయన నిర్మొహమాటంగా రాశాడు. ఇదే ఫిర్యాదు అంతకు మునుపు 1820లో నెల్లూరు ప్రాంతపు తెలుగువాడు వెన్నెలకంటి సుబ్బారావు మద్రాసు స్కూల్ బుక్ సొసైటీకి పంపిన నివేదికలోనూ ఉంది. అంటే తనిఖీ శాఖ పుట్టడానికి ముప్పయ్యేళ్లకు పైగా ముందే, ఒక దొరా ఒక తెలుగు ఉద్యోగీ వేరువేరుగా ఒకే లోపాన్ని పట్టుకున్నారు. ఆ మాటను పట్టించుకునే గడి మాత్రం మన్రో పట్టికలో లేదు.

క్యాంబెల్ చెప్పిన మరో మాటకూ గడి లేదు. పిల్లలు ఇంత తక్కువగా బడికి రావడానికి కారణం ఊళ్లు క్రమంగా పేదబడిపోవడమేనని, ఇంగ్లండు నుంచి సీమ బట్టలు దిగి ఇక్కడి నేతగాళ్ల బతుకు చెడిందని, పూర్వం దేశీయ పాలకుల కొలువుల్లో ఖర్చయ్యే సొమ్ము ఇప్పుడు ఖర్చు కావడం లేదని, జిల్లాలో ఒక్క బడికి కూడా సర్కారు సాయం లేదని ఆయన తన పై అధికారులకే రాశాడు. కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, కలెక్టరు కుంపిణీకే రాసిన మాట కాబట్టి దీనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

గడులు ఎంత పని చేస్తాయో రాజమహేంద్రవరం జవాబు చూస్తే తెలుస్తుంది. అక్కడి కలెక్టరు 291 బడులతోపాటు, ఉన్నత విద్య చెప్పే స్థానాలు 279 ఉన్నాయని విడిగా చూపాడు. బళ్లారిలో సంస్కృతం చెప్పే 23 చోట్లూ మామూలు బడుల లెక్కలోనే కలిసిపోయాయి. గోదావరి అగ్రహారంలో ఒక పండితుడు తన ఇంటి వసారాలో నలుగురు శిష్యులకు శాస్త్రం చెబితే అక్కడ అది కళాశాల అయింది. ఇంకో జిల్లాలో అదే వసారా లెక్కలోకే రాలేదు. కడప నుంచి వచ్చిన జవాబు మరీ వేరు. బ్రాహ్మణ పిల్లలు ఇల్లు విడిచి దూరపు ఊళ్లకు పోయి, గురువుకు పైసా ఇవ్వకుండా, ఆ ఊరి ఇళ్లలో భిక్ష ఎత్తుకుని తింటూ ఏళ్ల తరబడి చదువుకుంటారని, ఆ పేద ఊళ్ల జనం విసుక్కోకుండా వారికి అన్నం పెడతారని అక్కడి కలెక్టరు ఆశ్చర్యంగా రాశాడు. ఇంత చదువు జరుగుతున్నా, దాన్ని బడిగా లెక్కించడానికి అక్కడ గోడా లేదు, జీతం తీసుకునే పంతులూ లేడు.

పట్నం లెక్క ఇంకో తీరున తికమక పెట్టింది. మద్రాసు నగరంలో ఇళ్లలో చదువుకునే పిల్లలు బడుల్లో చదివేవారికన్నా దాదాపు ఐదు రెట్లు ఉన్నారని జవాబు వస్తే, ఇందులో ఏదో పొరపాటు ఉండవచ్చునని మన్రోకే అనుమానం కలిగింది. చివరికి 1826 మార్చి 10న రాసిన మినిట్‌లో ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులున్నాయని, జనాభాలో 67 మందికి ఒకరు చదువుతున్నారని లెక్క తేల్చి, ఇళ్లలో నేర్చుకునేవారిని కలుపుకుంటే మగపిల్లల్లో మూడో వంతుకు దగ్గరగా చదువు అందుతోందని అంచనా కట్టాడు. ఈ అంకెలను పట్టుకుని, మన పూర్వపు చదువు బంగారమని ఒకరూ, బూటకమని మరొకరూ ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఏ గడి ఎవరు, ఏ ఉద్దేశంతో నింపారో చూడకుండా ఆ వాదం తేలదు.

పంతులుకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదని గమనించిన మన్రో, ప్రతి తాలూకాకూ ఒక బడి చొప్పున 300 తాసిల్దారీ బడులు పెట్టి, పంతులుకు నెలకు 9 రూపాయలు ఇవ్వాలనీ, వాటి పైన ప్రతి జిల్లాకూ రెండు చొప్పున 15 రూపాయల జీతం మీద పంతుళ్లుండే 40 బడులు నడపాలనీ తలపెట్టాడు. మరుసటి సంవత్సరం పత్తికొండలో కలరాతో పోయాడు. తరువాత తెరుచుకున్న తాసిల్దారీ బడులు కొన్నే, అవి కూడా 1836లో మూతపడ్డాయి. పంతుళ్లను ఎంచేది తాసిల్దారు. ఎలా చెబుతున్నారో చూసేవాడు లేడు. కలెక్టరుకు ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీతోనే సరిపోయేది. శిస్తు వసూలు చేసే చేత్తోనే చదువు కూడా చూసుకోవచ్చన్న నమ్మకం ఇట్లా ముగిసింది.

చూడడమే పనిగా పెట్టుకున్న శాఖ 1854 నాటి విద్యా ప్రణాళిక తరువాత వచ్చింది. మద్రాసులో తొలి డైరెక్టరుగా అలెగ్జాండర్ ఆర్బత్‌నాట్ 1855లో పని మొదలుపెట్టాడు; ఆయన కింద ఇనస్పెక్టర్లు, వారి కింద డిప్యూటీలు, ఆ మెట్లన్నీ దిగితే అడుగున పల్లె పంతులు. ఇనస్పెక్టరు దొర జిల్లా కేంద్రాల్లోని స్కూళ్లను, మిషన్ స్కూళ్లను చూసేవాడు. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన స్కూలు, రాజమహేంద్రవరం జిల్లా స్కూలు వంటివి ఆయన స్థాయికి తగినవి. అక్కడ ఇంగ్లీషు చదివించి విని, జామెట్రీ అడిగి, గ్రంథాలయం చూసి, వివరంగా రాసేవాడు. పల్లె బడులు డిప్యూటీల పాలు. పట్నపు స్కూలు గురించి పేజీలు నిండే చోట, పల్లె బడికి ఒక వాక్యమో, పట్టికలో ఒక వరుసో దక్కేది. ఈ తేడా ఉద్యోగుల బద్ధకం వల్ల వచ్చిందనడానికి లేదు. ఇంగ్లీషు గుమాస్తాలు పట్నపు స్కూళ్లలోనుంచే రావాలి కాబట్టి శాఖ కళ్లు సహజంగానే అటు తిరిగి ఉన్నాయి.

ఆ తొలి రోజుల్లో పల్లెల వైపు నిజంగా చూసిన ప్రయోగం ఒకటి గోదావరి డెల్టాలో జరిగింది. సబ్‌కలెక్టరు జి. ఎన్. టేలర్ నరసాపురంలోనూ, దగ్గరలోని పాలకొల్లు, ఆచంట, పెనుగొండలలోనూ బడులు పెట్టించాడు. వాటిని చూసి చుట్టుపక్కల పల్లెలు కూడా శిస్తు మీద కొంత అదనంగా చెల్లించి బడులు నడుపుకోవడానికి ఒప్పుకున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కాలువ నీళ్లొచ్చి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్న కాలం. తమంత తాముగా ఇచ్చారన్నది శాఖవారు గర్వంగా చెప్పుకున్న మాట. కొన్నాళ్లకు ఆ ఇష్టంలో శిస్తు కచేరీ వత్తిడి ఎంత ఉందన్న ప్రశ్న లేచింది, పన్నుకు చట్టబద్ధత లేదన్న సంగతీ బయటపడింది, దాన్ని సరిచేయడానికి 1863లో విద్యా చట్టం తెచ్చారు. తాసిల్దారు ఎదుట నిలబడి వద్దనగలిగిన రైతు ఆ రోజుల్లో ఎందరుంటారో ఊహించుకోవచ్చు. అయినా బడి తమదన్న భావం ఆ ఊళ్లలో కొంత పుట్టకపోలేదనే అనుకుంటాను. డబ్బు ఇచ్చినవాడు వచ్చి పంతుల్ని నిలదీస్తాడు, అది కూడా ఒకరకం తనిఖీయే.

అసలు మలుపు 1868లో వచ్చింది. ఇంగ్లండులో కొన్నేళ్ల కింద మొదలైన పద్ధతిని అనుసరించి, ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇవ్వడం ఇక్కడి ప్రాథమిక బడులకూ వర్తింపజేశారు. అప్పటిదాకా సర్కారు లెక్కకు అందని వీధి బడులు, అరుగు బడులు దీనితోనే పెద్ద ఎత్తున శాఖ పరిధిలోకి వచ్చాయి. ఏర్పాటు చాలా సులువు. పంతులు హాజరు పట్టీ రాయాలి, శాఖ ఒప్పిన పాఠాలు చెప్పాలి. ఏడాదికొకసారి పరీక్షాధికారి వచ్చి ఒక్కొక్క పిల్లవాణ్ణీ పిలిచి చదివిస్తాడు, ఉక్తలేఖనం రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. ఒక్కొక్క తరగతికి, ఒక్కొక్క విషయానికి ఇంతని రేటు కట్టి ఉంటుంది. పిల్లవాడు నెగ్గితే పంతులుకు ఆ సొమ్ము వస్తుంది, తప్పితే రాదు.

దీన్ని పంతులు వైపునుంచి చూడండి. ఏడాదంతా చెప్పిన చదువుకు కూలి ఒక్క పూటలో తేలిపోతుంది. ఆ పూట పిల్లవాడికి జ్వరం వస్తే, కోతల రోజులని తండ్రి పొలానికి తీసుకుపోతే, కొత్త మనిషిని చూసి బెదిరి నోరు పెగలకపోతే, నష్టం పంతులుది. చాలాచోట్ల చుట్టుపక్కల ఊళ్ల పిల్లలనందరినీ ఒక కేంద్రానికి రప్పించి పరీక్ష చేసేవారు కాబట్టి, తెల్లవారుజామున సద్దిమూట కట్టుకుని కోసులు నడిచివచ్చిన పసివాడు ఎండ నెత్తికెక్కేదాకా తన వంతు కోసం కూర్చోవాలి. వాడు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పగలగాలంటే ఒకటే దారి, నిర్ణయించిన వాచకాన్ని మొదటినుంచి చివరిదాకా కంఠతా పట్టించడం. అర్థం తెలియకుండా వల్లించడం మన అరుగు బడి దోషమని క్యాంబెల్ రాశాడు. ఆ దోషాన్ని తీర్చవచ్చిన శాఖే దానికి రేటు కట్టి జీతం ఇవ్వసాగింది. మారినదల్లా వల్లించే పుస్తకం.

ఈ పద్ధతికి ఒక మేలు కూడా ఉందని ఒప్పుకోక తప్పదు. పంతులు కులమేదో, బడికి గోడలున్నాయో లేవో అడగకుండా, పిల్లవాడికి చదవడం వస్తే డబ్బిచ్చింది. వేల వీధి బడులు ఆ కాస్త సొమ్ము ఆసరాతోనే నిలిచాయి. కాని రేటు లేని చదువంతా మెల్లగా వెనక్కిపోయింది. శతకాలు, నోటిలెక్కలు, ఎక్కాల్లో పరకలు, వీసాలు, కాణీలనే చిన్న భిన్నాల దాకా పోయే పద్దులు, దస్తావేజు చదివే నేర్పు ఊళ్లో తండ్రులు కోరుకున్న చదువులు. పరీక్షాధికారి కాగితంలో వాటికి చోటు అంతంత మాత్రం. నా సర్వీసులో కూడా తనిఖీ అనగానే గోడలకు చార్టులు వేలాడదీసి, పాఠ్య ప్రణాళిక పుస్తకం వెనక తేదీలతో నింపి, బాగా చదివే పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టుకున్న ఉపాధ్యాయులను చాలామందిని చూశాను. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఈ కాగితాల్లో కనబడనివారి సంగతి వేరే చెప్పాలి. అరుగు బడి అంటే ఎవరిదో ఒకరి అరుగు. అగ్రహారంలోనో గుడి మండపంలోనో నడిచే బడిలోకి మాల మాదిగ పిల్లలకు ప్రవేశం లేదు. బడి ఉన్న ఊరుగా పట్టికలో ఎక్కిన ఊరిలో సగం జనానికి బడి లేనట్టే. పంచముల చదువు కోసం ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వులు ఇచ్చేసరికి 1893 వచ్చింది. పైనుంచి ఉత్తర్వు వచ్చినా, దాన్ని అమలు చేయవలసిన కింది అధికారి ఆ పేటలో కాలు పెట్టడానికి ఇష్టపడాలి గదా. ఆడపిల్లల బడులకు మగ ఇనస్పెక్టరు వస్తే కొన్ని ఇళ్లవారు పిల్లలను పంపరు కాబట్టి ఆడవారినే నియమించవలసి వచ్చింది. 1882లో దేశంలోని చదువు స్థితి మీద హంటర్ కమిషన్ విచారణ జరిగేనాటికి మద్రాసులో ఇసబెల్ బ్రాండర్ ఆ ఉద్యోగంలో ఉంది.

ఫలితాన్ని బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతిని 1904లో భారత ప్రభుత్వ తీర్మానం తోసిపుచ్చింది. దాదాపు అదే సమయంలో, 1906 ప్రాంతంలో, ఉత్తర కోస్తా జిల్లాల స్కూళ్లకు జె. ఎ. యేట్స్ ఇనస్పెక్టరుగా వచ్చాడు. ఈయన తాను కూడా తెలుగు నేర్చుకుంటున్నాడు, కాబట్టి తరగతి గదిలో కూర్చున్నప్పుడు అతనికి లెక్కలో లేని సంగతి ఒకటి వినిపించింది. పంతులు చదివే పుస్తకం ఒక భాషలో ఉంది. దాన్ని పిల్లలకు విడమరిచి చెప్పడానికి పంతులు వాడే భాష, పిల్లలు తమలో తాము మాట్లాడుకునే భాష మరొకటి. ఎందుకిట్లా అని విశాఖపట్నంలో మిసెస్ ఏ. వి. ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన ఇద్దరి పేర్లు చెప్పాడు. ఒకరు విజయనగర సంస్థానంలో ఉన్న గురజాడ అప్పారావు, రెండవవారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి. తరువాతి కథ తెలుగువారికి కొత్త కాదు. వ్యావహారిక భాషోద్యమం అక్కడినుంచి ఊపందుకుంది, 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది, జయంతి రామయ్య పంతులు ఆ ఉద్యమానికి ఎదురు నిలిచాడు, మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం రాసి, మరుసటి సంవత్సరం కన్నుమూశాడు.

యేట్స్ అడిగిన ప్రశ్నకు నేను ఇంత చోటు ఇవ్వడానికి కారణముంది. వెన్నెలకంటి సుబ్బారావు, క్యాంబెల్ గుర్తించి రాసిన లోపాన్నే ఎనభై ఏళ్ల తరువాత ఒక ఇనస్పెక్టరు మళ్లీ విన్నాడు. విని, పట్టికలో వేయడానికి గడి లేదని వదలకుండా, తెలిసినవారిని వెతుక్కుంటూ వెళ్లాడు. కాని ఆ ప్రశ్న పెద్దల చేతుల్లో పడిన తరువాత ఎటు పోయిందో కూడా చూడాలి. స్కూలు ఫైనలు విద్యార్థి వ్యాసం ఏ భాషలో రాయాలి, కాలేజీలో ఏ పుస్తకం పెట్టాలి అన్నదే వాదమంతా. అవి పట్నాల హైస్కూళ్లకు, కాలేజీలకు చెందిన తగవులు. గిడుగు ఒక్కడు ఆ వాదానికి చాలా ముందునుంచే సవరల భాష నేర్చుకుని, వారి పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టించి, వారి మాటలోనే చదువు చెప్పించాడు. అరుగు మీద ఇసుకలో దిద్దుకునే పిల్లవాడు పుస్తకంలో ఏ తెలుగు చదవాలన్న సంగతి మాత్రం ఆ తగవులో ఏ పక్షంవారూ మొదటగా ఎత్తుకోలేదు. ఎంతమంది పిల్లలున్నారు, హాజరు ఎంత అన్న గడులు నింపుకుని ఆ బడి తనిఖీలు మునుపటిలాగే సాగిపోయాయి.